నాలుగు ఎంబీల కొరత

ఎల్లేశం దుబ్బాక పక్కన ఒక చిన్న పల్లెలో పుట్టాడు. తండ్రిది మగ్గం. ఆ చప్పుడు వింటూ నిద్రపోయి, అది ఆగితే ఉలిక్కిపడి లేచే పిల్లవాడు. పదో తరగతి దాకా ఊరి బడి, తర్వాత సిద్దిపేటలో ఐటీఐ, ఆ పైన ఒక రేడియో దుకాణంలో నాలుగేళ్లు. మగ్గాలు ఒక్కొక్కటే మూలపడుతున్న రోజుల్లో కొమురవెల్లి మల్లన్న మీద భారం వేసి పట్నం బస్సెక్కాడు. సికింద్రాబాదులో కంప్యూటర్లు బిగించే దుకాణంలో రెండేళ్లు పనిచేశాక, తొంభై తొమ్మిదో సంవత్సరం ఎండాకాలంలో మాదాపూరు దిక్కున కొత్తగా లేచిన అద్దాల మేడలో ఒక కంపెనీకి కుదిరాడు. కాంట్రాక్టు కొలువే గానీ, పేరు మాత్రం ఘనంగా హార్డ్‌వేర్ అసిస్టెంట్ అని ఉండేది.

"హార్డ్‌వేర్ అంటే ఇనుప సామాన్ల దుకాణం గద. మేకులు, తాళం కప్పలు అమ్ముతవా అండ్ల?" అని నవ్వింది భార్య భవాని.

"నీకు చెప్తే సమజ్ గాదు తియ్" అని తనూ నవ్వాడు.

మదీనాగూడలో ఒక గది కిరాయికి తీసుకున్నారు. అక్కడి నుంచి సైకిల్ మీద కొండాపూర్ బండల నడుమ తొక్కుకుంటూ పోతే మేడ. ఎండ పెరిగేసరికి అతని సైకిలు ఎప్పుడూ నీడలో ఉండేది. గేటు దగ్గర కాపలాదారు పెంటయ్య రోజూ దాన్ని ఎండతో పాటు జరుపుతుండేవాడు. అడిగితే "కూసునే కూసుంట, జరిపితే ఏం పోయింది" అనేవాడు. దేవుడు ఎవరి చేత ఏ ఉపకారం చేయిస్తాడో, ఆ చేసేవారికి కూడా తెలియదు.

లోపల నూట పదహారు కంప్యూటర్లు. ఏది మొరాయించినా ఎల్లేశం స్క్రూడ్రైవరు పట్టుకుని బల్లకింద దూరేవాడు. డబ్బా మూతకు వెనక నాలుగు స్క్రూలుంటాయి. నాలుగూ ఇప్పి, పని అయ్యాక రెండే బిగించడం ఆ వృత్తిలో అందరికీ ఉన్న అలవాటు. రేపు మళ్లీ ఇప్పాల్సిందే కదా అని ఒక ధైర్యం. మిగిలినవి జేబులో గలగలలాడుతుంటే, బట్టలుతికేటప్పుడు భవాని ఏరి ఒక గిన్నెలో వేసేది.

ఆ మేడలో నాలుగో అంతస్తు ఊడ్చి తుడిచే ఆరుగురు ఆడవాళ్లలో పెద్దది కిష్టమ్మ. యాభై దాటింది. పాలమూరు జిల్లా నుంచి రాళ్ల పనికి వలస వచ్చి, గోపన్‌పల్లిలో స్థిరపడి, మొగుడు పోయాక ఈ పనికి చేరింది. కురుమూర్తి రాయుడి భక్తురాలు. పొద్దున ఆరింటికి హాలు తాళం తీయించుకుని లోపలికి రాగానే చెప్పులు బయట విడిచేది. "గియ్యి గూడ పనిముట్లే గద బిడ్డా, నాగలి లెక్క" అనేది కంప్యూటర్లను చూపించి.

ఎండాకాలం చివర్లో ఆ అంతస్తులోని తూర్పు హాలుకు ఇరవై నాలుగు కొత్త మిషన్లు వచ్చి, మొత్తం నూట నలభై అయ్యాయి. కొత్తవాటన్నింటికీ, ఒకదానితో ఒకటి కలిపే నెట్‌వర్క్ కార్డులు ఎల్లేశమే బిగించాలి. ఆఫీసు వాళ్లు వచ్చే లోపల అయిపోవాలని పొద్దున్నే వచ్చేవాడు. మూడు రోజులు కిష్టమ్మ చీపురు పక్కన పెట్టి, బల్లకింద కూచుని అతనికి టార్చి పట్టింది. రెండో రోజు డబ్బా రేకు అంచుకు అతని వేలు తెగింది. ఆమె కొంగు చివర పీలిక చింపి కట్టింది.

"కొత్త చీర గద పెద్దమ్మా!"

"చీరకు రక్తం గార్తదా ఏంది? చెయ్యి ఇటు వెట్టు."

ఇరవై నాలుగు డబ్బాలకూ రెండేసి స్క్రూలే బిగించి లేచాడు ఎల్లేశం. కిష్టమ్మ కింద పడ్డ స్క్రూలన్నీ ఏరి అతని దోసిట్లో పోసింది.

ఆ సెప్టెంబరులో, వినాయక చవితి అయిన వారానికి, విదేశంలో ఉండి వీళ్లకు పని ఇచ్చే కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లలో తారీకులు తలకిందులవుతాయని లోకమంతా పరేషాన్‌గా ఉన్న కాలం అది. మా పని చేసే ప్రతి మిషన్‌లో ఏ బోర్డుంది, దాని తారీకేమిటి, మెమరీ ఎంత, డిస్కు ఎంత, అన్నీ జాబితా రాసి పది రోజుల్లో పంపండి అని వాళ్ల మాట. అడ్మిన్ మేనేజర్ శ్రీనివాసులు ఎల్లేశాన్ని పిలిచాడు. ఆయనది ప్రొద్దుటూరు. గొంతు పెద్దదే గానీ మనసు మంచిదని అందరూ అనేవారు.

"ఏమప్పా ఎల్లేశం, రోజుకెన్ని ఇప్పగలవు?"

"పది సార్. శాన చేస్తే పన్నెండు."

"అంటే దసరాకు గానీ తెమలదు. సచ్చినామే!"

అప్పుడు ఆదుకున్నది రమ్య. ప్రోగ్రాములు రాసే అమ్మాయి. "డబ్బాలు ఇప్పడం ఎందుకన్నా? మిషన్‌నే అడిగితే అదే చెప్తుంది" అని అతన్ని కూర్చోబెట్టి నోట్‌ప్యాడ్‌లో ఆరు వరసలు కొట్టించింది. మొదటి వరస మిషన్ పేరు అడుగుతుంది. రెండోది బోర్డు మీది చిప్పు తారీకు. మూడోది మెమరీ. నాలుగోది డిస్కు. తక్కిన రెండూ ఆ జవాబులన్నింటినీ ఫ్లాపీలో ఒక ఫైలు చివర చేర్చిపెడతాయి. ఎల్లేశం ఒక్క వేలితో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు. ఎక్కడో చుక్క మరిచిపోతే ఆ ఆరు వరసల స్క్రిప్టు నడవలేదు. రమ్య విసుక్కోలేదు. తన టిఫిన్ డబ్బా మూత తీసి "ముందు ఈ ఉప్మా తినన్నా, అప్పుడు చుక్క కనబడుతుంది" అంది. నిజంగానే కనబడింది.

మూడు రోజుల్లో నూట నలభై మిషన్లూ అయిపోయాయి. ఫ్లాపీ పెట్టడం, పేరు కొట్టడం, నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు గబగబా పారడం, ఫ్లాపీ తీయడం. అంతే. మూత తీయకుండా కడుపులో ఉన్నదంతా చెప్పించే ఆ ఆరు వరసలను చూసుకుని ఎల్లేశం మురిసిపోయాడు. స్క్రూడ్రైవరు సంచిలోంచి బయటికే రాలేదు. భవానితో "మనిషి అబద్ధం చెప్తడు గని మిషన్ చెప్పదు" అన్నాడు. ఆమె "దాన్ని చేసింది మనిషే గద" అని పొయ్యిలో కట్టె ఎగదోసింది.

జాబితా అచ్చు తీసి ఇవ్వబోతూ ఎల్లేశం ఎవరూ అడగని పని ఒకటి చేశాడు. స్టోరు రిజిస్టరు తెప్పించుకుని, కొన్నప్పుడు ఎంత మెమరీ ఉందని రాశారో ఒక పక్క, ఇప్పుడు స్క్రిప్టు ఎంత చెప్పిందో ఇంకో పక్క వేసి, చివర ఒక గడి గీసి 'కొరత' అని పేరు పెట్టాడు. లెక్క నిండుగా కనబడాలని, పని తెలిసినవాడనిపించుకోవాలని. వచ్చే నెల అతన్ని కాంట్రాక్టు తీసి ఖాయం చేసే కాగితం శ్రీనివాసులు బల్ల మీదే ఉంది మరి.

తూర్పు హాలులో ఇరవై నాలుగు మిషన్లకూ కొరత గడిలో నాలుగు పడింది. రిజిస్టరులో ముప్పై రెండు ఎంబీ. స్క్రిప్టు ఇరవై ఎనిమిదే చెప్పింది.

శ్రీనివాసులు ఆ కాగితం చూసి లేచి నిలబడ్డాడు. "ఇరవై నాలుగు నాలుగులు తొంభై ఆరు! తొంభై ఆరు ఎంబీ యాడికి పోయిందప్పా? ఇదేమన్నా కర్పూరమా?"

ఆ రోజుల్లో మెమరీ ముక్కలు బంగారం లెక్క. చిటికెన వేలంత ముక్కను జేబులో వేసుకుపోతే ఎవరికీ తెలియదు. పక్క కంపెనీల్లో పోయాయన్న మాటలు అందరూ విన్నవే. శ్రీనివాసులు గబగబా తూర్పు హాలుకు నడిచి, ఒక డబ్బా వెనక్కి తిప్పి చూశాడు. ఇంకొకటి చూశాడు. ప్రతిదానికీ రెండేసి స్క్రూలు లేవు.

ఊడ్చే ఆడవాళ్లను, కాపలావాళ్లను పెట్టింది ఒక ఏజెన్సీ. దాని సూపర్‌వైజరు నర్సయ్యను పిలిపించారు. హాలు తాళం పొద్దున ఎవరికిస్తారంటే కిష్టమ్మకు. ఆఫీసు వాళ్లు లేని రెండు గంటలు లోపల ఎవరుంటారంటే కిష్టమ్మ. ఆమెను తీసుకొచ్చి నిలబెట్టారు. తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది.

"ఈ స్క్రూలు ఎవరిప్పినారు?" అన్నాడు శ్రీనివాసులు. అడిగింది కిష్టమ్మనో, ఎల్లేశాన్నో, గోడనో తెలియదు.

'నేను సార్' అనడానికి ఎంతసేపు పడుతుంది? ఆ రెండు మాటలూ ఎల్లేశం నాలుక మీదికి వచ్చాయి. కానీ ఆ క్షణంలో అతని కళ్లముందు వేరేది కదిలింది. ఇప్పింది నేనే అంటే, తీసింది కూడా నువ్వేనా అంటారు. ఖాయం కాగితం చింపేస్తారు. భవానికి ఐదో నెల. అతను కిష్టమ్మ వైపు చూశాడు. ఆమె ఒక్కసారి అతని కళ్లలోకి చూసి తల దించుకుంది.

"నాకు తెల్వది దొరా" అంది.

ఎల్లేశం ఏమీ అనలేదు.

మర్నాడు మధ్యాహ్నానికి నర్సయ్య ఒక కాగితం తెచ్చి శ్రీనివాసులు బల్ల మీద పెట్టాడు. తీసింది నేనే, నన్ను క్షమించండి అని నర్సయ్య చేతిరాత. కింద కిష్టమ్మ వేలిముద్ర. నీలం సిరా ఇంకా ఆరలేదు. పోలీసుల దాకా పోకుండా ఆమెను పనిలోంచి తీసేశారు. దొంగతనం జరిగింది, పట్టుకున్నాం, చర్య తీసుకున్నాం అని జాబితాతో పాటు విదేశానికి రాశారు. నాలుగు రోజుల్లో జవాబు వచ్చింది, మీ లెక్క చాలా పక్కాగా ఉందని మెచ్చుకుంటూ. శ్రీనివాసులు ఆ జవాబును అందరి ముందు చదివి ఎల్లేశం భుజం తట్టాడు. ఆ భుజం ఆ రోజంతా బరువుగానే ఉంది.

ఆదివారం పొద్దున భవాని గడపలో కూచుని చేటలో బియ్యం చెరుగుతోంది. ఎల్లేశం వారం రోజులుగా సరిగా అన్నం తినడం లేదని ఆమె గమనించింది. అడగ్గా అడగ్గా చెప్పాడు. స్క్రూల సంగతి మాత్రం నమిలి మింగాడు. ఆమె విని, చెరగడం ఆపి, మామూలుగా ఒక మాట అడిగింది.

"ఆ ముక్క ఎట్లుంటది?"

"గింత. పచ్చగ, సన్నగ. నల్ల చిప్పులుంటయి దాని మీద."

"ఒక్కో మిషన్ల ఎన్నుంటయి?"

"పాతయాట్ల నాలుగు. కొత్తయాట్ల ఒక్కటే, ముప్పై రెండుది."

"ఒక్కటే అయితే నాలుగెట్ల తీసింది? అది ఇరుగుతదా?"

ఎల్లేశం లేచి నిలబడ్డాడు. ముప్పై రెండుది ఒక్కటే ముక్క. దాన్ని తీస్తే మిషన్ అసలు లేవనే లేవదు. బీప్ బీప్ అని అరుస్తుంది అంతే. తీస్తే మొత్తం తీయాలి, లేకపోతే లేదు. ఇరవై ఎనిమిది మిగిలే లెక్క ఈ భూమ్మీద లేదు. రెండేళ్లు దుకాణంలో వేల ముక్కలు బిగించినవాడికి తట్టనిది, ఎన్నడూ కంప్యూటర్ మొహం చూడని మనిషికి బియ్యం చెరుగుతుంటే తట్టింది. వేళ్లతో తడిమి చూసి ఉంటే అతనికీ తట్టేది. స్క్రిప్టు నడిపిన ఆ మూడు రోజులూ మూత తీయలేదు కదా.

సోమవారం పొద్దున హాలు తాళం బుచ్చమ్మ తీసింది. కిష్టమ్మతో పాటు ఊడ్చే ఆరుగురిలో ఒకతె. ఎల్లేశం ఒక డబ్బా మూత ఇప్పాడు. పచ్చటి ముక్క దాని గాడిలో అది కూర్చుని ఉంది. మీద సన్నటి దుమ్ము. వచ్చిన రోజు నుంచి ఎవరి చేయీ తగలలేదు. మిషన్ వేసి సెట్టింగుల తెర తెరిచి ఒక్కో వరసా చూశాడు. బొమ్మ చూపించడానికి నాలుగు ఎంబీ పక్కన పెట్టినట్టు అక్కడ రాసి ఉంది. ఈ కొత్త బోర్డుల్లో బొమ్మకు వేరే కార్డు లేదు. తెర మీద అక్షరాలు చూపించడానికి అసలు మెమరీలోంచే కొంత వాడుకుంటాయి. అది పోను మిగిలింది స్క్రిప్టు చెప్పింది. స్క్రిప్టు అబద్ధం చెప్పలేదు. 'కొరత' అన్న మాట మిషన్‌ది కాదు, అతనిది.

అతను నేల మీదే కూలబడ్డాడు. బుచ్చమ్మ తుడిచే గుడ్డ పట్టుకుని చూస్తోంది.

"బుచ్చమ్మా, కిష్టమ్మ ఎందుకేసింది ఏలిముద్ర?"

బుచ్చమ్మ అటూ ఇటూ చూసింది. "నర్సయ్య ఏమన్నడో తెలుసా? ఎవలో ఒకలు ఒప్పుకోకుంటే ఆరుగురినీ తీసేస్తరు, ఠాణాల కూసోవెడ్తరు అన్నడు. నాకు సంటిపిల్ల. ఆ లచ్చమ్మకు మొగడు దవాఖానల. అందరం ఏడుస్తున్నం. ఆమెనే ముందలికి వచ్చి, నాకెవలున్నరే, నేనేస్త అన్నది. ఏసింది. ఏసినంక మా దిక్కు సూసి నవ్వింది గూడ."

పదింటికి శ్రీనివాసులు రాగానే ఎల్లేశం వెళ్లి అంతా చెప్పాడు. ఆయన్ను హాలుకు తీసుకెళ్లి ఇప్పిన డబ్బా చూపించాడు, సెట్టింగుల తెర చూపించాడు. బొమ్మకు పెట్టిన నాలుగును సున్నా చేసి మళ్లీ స్క్రిప్టు నడిపిద్దామంటే ఆ బోర్డు ఒప్పుకోలేదు గానీ, నాలుగును ఎనిమిది చేస్తే స్క్రిప్టు ఇరవై నాలుగు చెప్పింది. అది చాలు. శ్రీనివాసులు తెలివైనవాడు. అర్థమైపోయింది. గదికి తీసుకెళ్లి తలుపు వేశాడు.

"సరే అప్పా. ఏమీ పోలేదు. మరి ఆయమ్మ తీసినానని ఏలిముద్ర ఎందుకేసింది?"

ఎల్లేశం బుచ్చమ్మ చెప్పింది చెప్పాడు.

"అట్లని నర్సయ్య ఒప్పుకుంటాడా? ఆ ఆడోళ్లు వచ్చి నా ముందర చెప్తారా? చెప్పరు. వాళ్లకూ పని కావల్ల." ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇంగ ఆ దొరలకు ఏమని రాయాల? మా లెక్క తప్పు అనా? ఒక గడి తప్పంటే నూట నలభైకి నూట నలభై అనుమానం వస్తాయి. తారీకులు కూడా తప్పేమో అంటారు. ఈ పని పోతే ఎంతమంది ఇండ్లకు పోతారో ఎరికేనా నీకు?"

"సార్, ఆ స్క్రూలు ఇప్పింది నేనే. కార్డులు పెట్టేటప్పుడు. అప్పుడు చెప్పకపోతి."

శ్రీనివాసులు అతని వంక చూశాడు. కోపం లేదు ఆ చూపులో. అలసట ఉంది. "ఆ మాట నువ్వు చెప్పలే, నేను వినలే. పో." సొరుగు తీసి ఒక కవరు ముందుకు తోశాడు. ఖాయం కాగితం. "రేపు పొద్దున సంతకం చేసి ఇయ్యి. కొరత అన్న గడి మాత్రం ఆ ఫైలులోంచి తీసేయి. ఇంగెప్పుడూ గీయొద్దు."

మంచివాడు చెడ్డ పని చేస్తున్నప్పుడు మొహం ఎలా ఉంటుందో ఎల్లేశం ఆ రోజు చూశాడు. తన మొహం కూడా అలాగే ఉందేమో. కవరు తీసుకున్నాడు. రాత్రి సంతకం చేశాడు. భవాని ఒద్దనలేదు. అతను దేవుడి పటం ముందు పెట్టబోయిన ఆ కాగితాన్ని మాత్రం తీసి పెట్టెలో దాచింది.

ఆ తర్వాతి ఆదివారం సైకిల్ తీసుకుని గోపన్‌పల్లి పోయాడు. బుచ్చమ్మ గుర్తులు చెప్పింది. ఇంటికి తాళం. పక్కింటి ఆమె "దొంగ కిష్టమ్మనా? గుట్టకు పోయింది" అని, తన మాట తనకే చేదనిపించిందో ఏమో, "మంచినీళ్లు తాగి పో నాయనా" అని చెంబు తెచ్చి ఇచ్చింది.

గుట్ట కింద బండ పగలగొడుతున్నారు. మేడలకు కంకర అక్కడి నుంచే పోతుంది. ఎక్కడా పనికి పెట్టుకోవద్దని నర్సయ్య అన్ని ఏజెన్సీలకూ కిష్టమ్మ పేరు చెప్పాడట. దాంతో ఆమె పాలమూరు నుంచి వచ్చిననాటి పనికే మళ్లీ చేరింది. ఎండలో కూచుని సుత్తితో రాళ్లు కొడుతోంది. వేళ్లకు సైకిల్ ట్యూబు ముక్కలు చుట్టుకుంది. అతన్ని చూసి మొహం వెలిగింది.

"ఓ బిడ్డా! గింత దూరం వచ్చినవా? నీ భార్య పానం ఎట్లుంది? ఎన్నో నెల? అగో, ఆ నీడకు జరుగు."

"మంచిగుంది పెద్దమ్మా."

అతను ఆమె ఎదురుగా గొంతుక్కూచున్నాడు. దారి పొడుగునా ఆ మాటలనే కూర్చుకుంటూ వచ్చాడు. కష్టమైనది ముందు చెప్పేయాలనుకున్నాడు.

"పెద్దమ్మా, ఆ దినం స్క్రూలు ఎవలు ఇప్పిండ్రని సార్ అడిగితే నేను నోరు తెరవలే. నేనే అని చెప్పకపోతి. తప్పైంది."

"నాకు ఎరుకే గద. టార్చి పట్టింది నేనే."

"మరి నువ్వెందుకు చెప్పలే?"

"చెప్తే నిన్ను పట్టుకుందురు. నీకు పిల్లలు గావాలె, సంసారం గావాలె. భయం ఎవలకుండదు బిడ్డా? పోనీ తియ్." ఇంకో రాయి ముందుకు లాక్కుంది. అంత సులువుగా క్షమించేసింది. అతని గుండెల మీది బండ కొంచెం కదిలినట్టైంది. ఇక మిగిలింది మంచి మాటే అనుకున్నాడు. చెప్పగానే ఆమె మొహం ఎలా విప్పారుతుందో చూడాలనుకున్నాడు.

"ఇంకో మాట. అసలేం పోలేదు పెద్దమ్మా."

సుత్తి ఆగింది. "ఏం పోలేదంటే?"

"ఆ నాలుగు నాలుగు ఎక్కడికీ పోలే. ఆ మిషనే తెర కోసం పక్కకు వెట్టుకుంటది. లోపలనే ఉన్నది. నేనే తెల్వక కొరత అని రాసిన. మొన్న ఇప్పి చూసిన, ఎక్కడి ముక్క అక్కడనే ఉంది. దొంగతనం అన్నదే లేదు."

"ఎవ్వలు తియ్యలేదా?"

"ఎవ్వలు తియ్యలే."

ఆమె మొహం విప్పారలేదు. ఉన్న వెలుగు కూడా మెల్లగా దిగిపోయింది. సుత్తి ఒళ్లో పెట్టుకుని, దూరంగా బండ మీద ఎక్కుతున్న మనుషుల వైపు చూస్తూ ఉండిపోయింది. అలా చూస్తూనే అంది.

"నేనేమనుకున్ననంటే బిడ్డా, ఎవలో తీసిండ్రు. ఎవలకో ఏదో ఆపతి వచ్చింది. పిల్లలకు జరమో, ఇంట్ల తిండి లేకనో. దొంగపని ఊకెనే ఎవలు చేస్తరు? నేను ఏలిముద్ర ఏసిన గబట్టి వాళ్లు గూడ ఆపతిల నుంచి బయటపడ్డరు. కురుమూర్తి రాయుడు నాతోని గీ పని చేపిచ్చిండు, గీ జన్మల నాకు గీ ఒక్క పుణ్యం రాసిండు అనుకున్న. దినాం దీపం ముట్టిచ్చేటప్పుడు వాళ్ల కోసం గూడ మొక్కుతున్న. పేరు తెల్వది గద. ఆ తీసినోళ్లు సల్లగుండాలె అని మొక్కుతున్న."

ఎల్లేశం తల దించుకుని ఒక కంకర ముక్కను వేళ్లతో తిప్పుతున్నాడు.

"ఎవ్వలు లేరన్నట్టు," అంది. "ఏం పోనిదానికి మేం ఆరుగురం భయపడ్డం, నేను ఊకెనే ఏసిన."

"మా సార్‌కు మల్లొకసారి చెప్త పెద్దమ్మా. ఆ కాగితం వాపస్ తెస్త."

"ఇయ్యరు బిడ్డా." ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండనిపించింది అతనికి. "ఈడ దొంగ అంటుండ్రు, ఆడ దొంగ అంటుండ్రు. నీళ్ల నల్ల కాడికి నేను పోతే బిందెలు ఎత్తుకొని దూరం జరుగుతుండ్రు. అన్నా గానీ, నేను లోపల నవ్వుకుంటుంటి. మీకేం ఎరుక, నేనెవలినో కాపాడిన అని. ఇగ గది గూడ లేదు." ఒళ్లో సుత్తి సర్దుకుని, "నువ్వు రాకుంటే మంచిగుండు" అంది. అని, అన్నందుకు తనే నొచ్చుకుని, పక్కన మూట ఇప్పి సగం జొన్నరొట్టె అతని చేతిలో పెట్టింది.

అతను దాన్ని పట్టుకుని కూచున్నాడు. తినలేదు, తిరిగి ఇవ్వలేదు. తూర్పున కొత్త మేడల అద్దాలు ఎండకు మెరుస్తున్నాయి.

కిష్టమ్మ సుత్తి చేతిలోకి తీసుకుంది గానీ కొట్టలేదు. గుట్ట మీది నుంచి మేస్త్రీ అరిచాడు. రెండోసారి అరిచాక కొట్టింది.